గంగామణి పేరు మీద వచ్చిన నా కాయితం

ఇప్పుడు బాగానే ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే మీరు నిమ్మళంగా చదువుకోవచ్చు. పొద్దున లేచి వాకిలి ఊడుస్తున్నాను, బియ్యం ఏరుకుంటున్నాను, మా ఆయన మస్కట్ నుంచి ఫోను చేస్తే ఎప్పటిలాగే పోట్లాడుతున్నాను. రెండేళ్ళ కిందట ఈ మూడు పనుల్లో ఒక్కటీ చేతనయ్యేది కాదు. పోట్లాడే ఓపిక కూడా లేకపోవడం మా ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టిందట.

నా పేరు భాగ్య. ఉండేది ఎల్లారెడ్డి. పుట్టిల్లు నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం ప్రాజెక్టు నీళ్ళతో వరి పండే ఊరు. పెళ్ళయి ఎల్లారెడ్డికి వచ్చేనాటికి నాకు నాటు వేయడం వచ్చు, కలుపు తీయడం వచ్చు, బీడీ చుట్టడం మాత్రం రాదు. అది నేర్పింది మా తోడికోడలు గంగామణి. నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్కా అని పిలుస్తాను. నాకు వచ్చిన జబ్బు గురించి చెప్పాలంటే ఆమె గురించి చెప్పక తప్పదు, ఎందుకో మీకే తెలుస్తుంది.

మా ఇంటికీ వాళ్ళింటికీ నడుమ ఒక రేకుల పందిరి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా మా మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిచాయి. పొద్దున వంట ముగించి, తడిగుడ్డలో చుట్టిన తునికాకు ముందు పెట్టుకొని, ఒళ్ళో చాట పెట్టుకొని కూర్చునేవాళ్ళం. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఇంకో నలుగురైదుగురు వచ్చి చేరేవారు. ఆకు కత్తిరిస్తుంటే వచ్చే పచ్చి వాసన, తంబాకు ఘాటుకు తుమ్ములు, ఎవరింట్లో ఏం వండారో ఎవరి అత్త ఏమన్నదో ఆ ముచ్చట్లు, బతుకమ్మ దగ్గర పడితే పాటలు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు చేతులు ఆపకుండానే అందుకునేవాళ్ళం. నేను మొదటి వారం చుట్టిన బీడీలు చూసి కార్ఖానా గుమాస్తా "ఇవి బీడీలా, బెండకాయలా?" అన్నాడు. గంగామణక్క వాటిని అతని చేతిలోంచి లాక్కొని "నేర్సుకుంటది తియ్. నువ్వు పుట్టంగనే లెక్కలు రాసినవా?" అంది. ఆ రోజుతో నేను ఆమె మనిషినైపోయాను.

నేను వచ్చేసరికి కార్ఖానాలో బీడీ పనివాళ్ళకు కొత్త కార్డులు ఇవ్వడం మానేశారు. అందుకని నా బీడీలు కూడా అక్క కార్డు మీదే పోయేవి. ఇద్దరివీ ఒకే గంపలో, ఒకే పేరు మీద. మా దగ్గర చాలా ఇళ్ళలో ఇది మామూలే. అత్త కార్డు మీద కోడలు, అక్క కార్డు మీద చెల్లెలు చుట్టుకుంటూ పోతారు. గుమాస్తాకు తెలుసు, అందరికీ తెలుసు. ఎవరైనా పైవాళ్ళు చూడటానికి వస్తే మాత్రం కార్డు ఉన్నవాళ్ళే ముందు కూర్చుంటారు, మిగతావాళ్ళం లోపలికి వెళ్ళి పప్పు రుబ్బుతున్నట్టు నటిస్తాం. కార్డు పోతే పింఛను పోతుంది, ఇన్నేళ్ళ కష్టం పోతుంది. ఆ భయం మాకు తంబాకు ఘాటుతో పాటే పట్టింది.

నాకు జబ్బు బయటపడే ముందటి వానకాలం, నాట్లు అయిపోయిన రోజుల్లో, బీడీలు చేసే ఆడవాళ్ళకు పరీక్షలు చేస్తామని ఒక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు కామారెడ్డి నుంచి వచ్చారు. కార్ఖానా పక్కన బడి గది ఖాళీ చేసి, ఒక మూలకు చీర అడ్డం కట్టారు. గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చే సూచన ఉందేమో ముందే చూస్తారని చెప్పారు. ఏ బాధా లేనివాళ్ళే రావాలి, బాధ వచ్చేదాకా ఆగొద్దు అని డాక్టరమ్మ రెండు మూడుసార్లు చెప్పింది. మేమంతా తల ఊపి, ఏ బాధా లేదు కాబట్టి ఇంటికి పోదామని లేచాం. అంత బాగా అర్థమైంది మాకు.

కార్డుల జాబితా చూసి గుమాస్తా పేర్లు పిలుస్తున్నాడు. గంగామణక్క పేరు వచ్చింది. అక్కకు గర్భసంచి ఎప్పుడో తీసేశారు. మా వైపు ఆడవాళ్ళకు కడుపులో నొప్పి అంటే చాలు తీసేయించుకోవడం ఒక అలవాటైంది. ఆమె నా మోచెయ్యి పొడిచింది.

"నాది లేనే లేకపాయె. పేరు ఊకెనే పోతది. నువ్వు పో."

"నాకేమైంది? నేను పోను."

"ఏం గాకముందే చూస్తరంట. ఇనలేదా? నీ మనిషి మస్కట్ల ఉంటడు, నీకు ఎవలు చూపిస్తరే? లే, పిలుస్తున్నరు."

ఉచితంగా వచ్చింది వృథా పోకూడదు, అంతే మా ఇద్దరి ఆలోచన. గుమాస్తా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు, నేను గంగామణినై చీర వెనక్కి వెళ్ళాను. నర్సు వయసు అడిగితే అక్క వయసు చెప్పాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి "మంచిగున్నవక్కా, ఏం తింటవ్?" అంది. గర్భసంచి ఆపరేషన్ అయిందా అంటే కాలేదన్నాను. ఆ కాయితం మీద నేను చెప్పిన నిజం అదొక్కటే.

పరీక్ష గురించి భయపడేవాళ్ళ కోసం చెబుతున్నాను. బల్ల మీద పడుకోవాలి. ఆడమనిషే చూస్తుంది. ఏదో చల్లగా తగులుతుంది, కాసేపు ఇబ్బందిగా ఉంటుంది. చిన్న కుంచె లాంటిదానితో కొంచెం తీసి సీసాలో వేసుకుంటారు. నేను సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకొని మా ఊరి కాలువ గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. కాలువ దాకా వెళ్ళేలోపే "అయిపోయింది, లే అక్కా" అంది. బయటికి వస్తే అక్క నా చెప్పులు పట్టుకొని నిలబడి ఉంది. ఇద్దరం మిర్చీ బజ్జీలు కొనుక్కొని నవ్వుకుంటూ ఇంటికి వచ్చాం. ఆ రోజు చిన్న తుంపర పడుతూ ఉంది. ఆ తుంపర నాకు ఇప్పటికీ ఇష్టంగానే గుర్తుంది.

బతుకమ్మకు ఇంకా వారం ఉందనగా మా ఆశా కార్యకర్త స్వరూప ఒక కాయితం పట్టుకొని వచ్చింది. అప్పుడు పందిరి కింద అక్క, నేను, మా బావ ఉన్నాం. బావ అంటే అక్క భర్త, ఆటో నడుపుతాడు. టీ తాగుతున్నాడు.

"గంగామణక్కా, పరేషాన్ గాకు. నీ పరీక్షల జర తేడా అచ్చిందంట. గర్భసంచి మూతి కాడ. మల్ల చూస్తరంట, కామారెడ్డి రమ్మన్నరు."

బావ గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. "గర్భసంచే లేనిదానికి మూతి ఏడికెల్లి అచ్చె? గట్లుంటయి వీళ్ళ పరీక్షలు." స్వరూప మొహం చిన్నబోయింది. నిజమా అక్కా, తీసేసిండ్రా అని అడిగింది. అక్క అవునంది. స్వరూప కూడా తనలో తాను నవ్వుకొని, ఏదో మారిపోయి ఉంటది, రాసి పంపుతా అని కాయితం అక్కడే వదిలి లేచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను.

నాకు తెలియదని చెప్పను. స్వరూప నోట్లోంచి మాట వచ్చిన క్షణమే అది నా కాయితమని తెలిసిపోయింది. అక్క వైపు చూస్తే ఆమె ఆకు కత్తిరిస్తోంది, తల ఎత్తలేదు. మర్నాడు పొద్దున ఇద్దరమే ఉన్నప్పుడు అడిగింది.

"నీకేమన్న బాధున్నదా?"

"ఏం లేదక్కా."

"తెల్లబట్ట గిట్ల?"

"ఏం లేదు."

"అయితే వాళ్ళదే తప్పు. సీసాలు తారుమారు చేసి ఉంటరు."

"అంతే ఉంటది."

ఎంత సులువుగా ఒప్పుకున్నామో. పేరు తప్పు కాబట్టి కాయితమే తప్పు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ పేరు తప్పుగా చెప్పింది నేనే కదా. ఆ తర్వాతి మాట దాకా ఆలోచన పోనిచ్చేదాన్ని కాదు. కామారెడ్డి వెళ్ళి నిజం చెబితే ఎవరి కార్డు మీద ఎవరు బీడీలు చేస్తున్నారో బయట పడుతుంది, అక్కకు పింఛను దగ్గరికొచ్చిన సమయంలో నా వల్ల అది పోతుంది. అక్క ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. అనకపోయినా ఆ మాట మా ఇద్దరి నడుమ చాటలా ఉండేది.

ఆ బతుకమ్మకు నెలసరి అడ్డం వస్తుందని గోళీలు వేసుకున్నాను. పండుగకు, పెళ్ళికి, ఎల్లమ్మ బోనాలకు, దేనికైనా వాయిదా వేసుకోవడానికి గోళీలు వేసుకోవడం మాకు టీ తాగినంత మామూలు. మందుల దుకాణంలో పేరు కూడా చెప్పక్కర్లేదు, వేలితో చూపిస్తే ఇస్తాడు. పండుగ అయిన తర్వాత నెల మధ్యలో అక్కడక్కడా రక్తపు చుక్కలు కనిపిస్తే గోళీల మీద నెట్టేశాను. చలికాలంలో మా ఆయన నెల రోజుల సెలవు మీద వచ్చాడు. అప్పుడు రక్తం ఎక్కువ కనిపించింది. ఎప్పుడు కనిపించిందో, ఎందుకు కనిపించిందో ఆడవాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన కంగారు పడితే "గోళీల వేడి" అన్నాను. ఆ మనిషి నమ్మాడు. నమ్మకేం చేస్తాడు, నేనంత ధీమాగా చెబితే.

శివరాత్రి ముందర ఒక మధ్యాహ్నం కొళాయి దగ్గర నా బట్టలు నేను వేరుగా ఉతుక్కుంటున్నాను. అక్క వచ్చి నా వెనక నిలబడింది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"ఎన్నటి సంది?"

"అప్పుడప్పుడే అక్కా."

"అప్పుడప్పుడు అంటే ఎన్నటి సంది అని అడుగుతున్న."

"దసరా సంది."

అక్క బట్టలుతికే బండ మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత లేచి, "చెప్పులేసుకో" అంది. అంతే. నేను తడి చేతులతోనే లేచాను.

ఇద్దరం కామారెడ్డి బస్సు ఎక్కాం. ఆ దారి నాకు ఎంత తెలిసినదో. అక్కతో కలిసి చీరలకు, పిల్లల పుస్తకాలకు, ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. లింగంపేట దాటగానే అక్క పల్లీల పొట్లం విప్పేది. ఆ రోజు విప్పలేదు. కిటికీలోంచి మక్కజొన్న చేన్లు చూస్తూ, ఇవన్నీ కోసేనాటికి నేను ఉంటానా అనుకున్నాను. అప్పటికి జబ్బేమిటో కూడా ఎవరూ చెప్పలేదు, అయినా మనసు అంత దూరం వెళ్ళిపోయింది.

దవాఖానలో చీటీ తీసుకొని బెంచీ మీద కూర్చున్నాం. పక్కన ఒక ముసలావిడ ప్లాస్టిక్ కవర్లో కాయితాలు గుండెలకు పట్టుకొని కూర్చుంది. ఎదురుగా కడుపుతో ఉన్న ఒక పిల్ల చింతపండు చప్పరిస్తోంది. నాకు నీళ్ళు తాగాలనిపించింది, లేస్తే నా వంతు పోతుందేమోనని భయం. ఆ ముసలావిడే తన సీసా తీసి ఇచ్చింది. "తాగు బిడ్డా, నాకు జల్ది పిలువరు" అంది. ఆ తర్వాత ఎన్ని దవాఖానల్లో ఎన్ని బెంచీల మీద కూర్చున్నానో. ప్రతిచోటా ఇలాంటి ఒక మనిషి ఉండేది.

లోపల డాక్టరమ్మ ముందు నేను నోరు తెరిచేలోపే అక్క రొంటిన దోపుకున్న ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టింది. స్వరూప తెచ్చిన కాయితమే. చింపేసిందనుకున్నాను. బియ్యం డబ్బాలో దాచిందట.

"మేడం, ముందుగాల నేనొక మాట చెప్త. ఈ పేరు నాది. కాయితం దీనిది. నా కార్డు మీద ఇది బీడీలు చేస్తది, నా పేరు మీదనే పరీక్ష చేయించుకున్నది. నాకు గర్భసంచే లేదు. కార్డు పోతే పోనియ్యండి. కేసు పెడితే పెట్టుండ్రి. దీన్ని చూడుండ్రి."

డాక్టరమ్మ కాయితం చూసింది, మమ్మల్ని చూసింది. జేబులోంచి పెన్ను తీసి గంగామణి అన్న పేరు కొట్టేసి, "నీ పేరేందమ్మా?" అని నన్ను అడిగి దాని మీద భాగ్య అని రాసుకుంది.

"మీ కార్డుతోటి నాకేం పనమ్మా? నాకు మనిషి దొరికింది, గది చాలు. ఇన్ని దినాలు ఎందుకు రాలే?"

ఐదు నెలలు మేము భయపడి కూర్చున్న పని ఒక గీతతో అయిపోయింది. కార్డు గురించి ఆ రోజుగాని తర్వాత గాని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆ గీత గురించే ఆలోచించాను. అంత చిన్నదానికా ఇంత భయపడ్డాం అని నా మీద నాకే అసహ్యం వేసేది.

పరీక్ష మళ్ళీ చేశారు, చిన్న ముక్క తీసి పంపారు. క్యాన్సరే. ఇంకా ముదరలేదు, ఆపరేషన్‌తో తీసేయవచ్చు, హైదరాబాద్ వెళ్ళాలి అన్నారు. మొదటి కాయితం వచ్చినప్పుడే వస్తే ఇంకా చిన్నగా ఉండగానే దొరికేదమ్మా అని కూడా అన్నారు. మెల్లగానే అన్నారు. ఇంటికి వచ్చి మా ఆయనకు ఫోను చేసి చెప్పాను. "గోళీల వేడి అంటివి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మాయి శ్రావణికి అప్పుడు ఇంటర్ పరీక్షలు, ఆ పిల్లకు చెప్పొద్దనుకున్నాం. చివరి పరీక్ష రాసి వచ్చిన రోజు "అమ్మా, ఇగ చెప్పు. నాకు నెల సంది తెలుసు" అంది. బావ ఆటోలో మమ్మల్ని బస్టాండుకు దింపుతూ "నేను ఆ దినం నవ్వకుంటే..." అని మొదలుపెట్టి, మాట పూర్తి చేయలేక హారను కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ ఎండలు ముదిరే వేళకు అయింది. దాని గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. మత్తులోంచి లేచేసరికి దాహం, పొట్ట మీద ఇటుకలు పెట్టినట్టు బరువు, తల దగ్గర అక్క. తర్వాత ఐదు వారాలు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను అక్కడ అందరూ కరెంటు అనే అంటారు. మొదటిసారి ఆ మాట విని నిజంగానే షాకు కొడుతుందేమోనని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఏమీ కొట్టదు. పడుకుంటే పైన మిషను తిరుగుతుంది, అంతే. అలసట మాత్రం తర్వాత మెల్లగా వచ్చి ఎముకల్లో కూర్చుంటుంది.

దవాఖాన పక్కన రోగుల కోసం ఒక పెద్ద షెడ్డు ఉండేది. అక్కడే చాప పరుచుకున్నాం. ఆ ఐదు వారాలూ అక్క నన్ను వదిలి ఎక్కడికీ పోలేదు. చేతులు ఖాళీగా ఉండలేక మందుల చీటీలు, బస్సు టికెట్లు చింపి బీడీల్లా చుట్టేది. చుట్టి, మూతి మలిచి, వరుసగా పేర్చేది. పక్క చాప మీదివాళ్ళు చూసి నవ్వితే నాకు మా పందిరి గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆ వానకాలపు మధ్యాహ్నాలు, తుమ్ములు, పాటలు, ఎవరో ఒకరి మీద చెప్పుకొనే చాడీలు, అవన్నీ ఎంత గొప్ప ఐశ్వర్యమో అక్కడ కూర్చున్నప్పుడే తెలిసింది.

ఆ షెడ్డులోనే బిచ్కుంద వైపు నుంచి వచ్చిన ఒక ఆమె ఉండేది. మాటకు ముందు మాటకు తర్వాత బాయి అనేది, సగం మరాఠీ సగం తెలుగు. జొన్న రొట్టె చేసుకుంటే ఒకటి తప్పకుండా నాకు తెచ్చేది. ఆమెదీ నా జబ్బే, కానీ ముదిరిపోయాక వచ్చింది. ఒక సాయంత్రం అడిగింది.

"నీకు ఎప్పుడెర్కైంది బాయీ?"

"మొన్నటి బతుకమ్మ ముంగట. ఇంటికొచ్చి చెప్పిండ్రు."

"మల్ల ఎప్పుడొచ్చినవ్ దవాఖానకు?"

"శివరాత్రికి."

ఆమె రొట్టె తుంచుతూ ఆగిపోయింది. "నాకు చెప్పెటోళ్ళు ఎవరూ లేకుండె. నీకు ఇంటికొచ్చి చెప్పిండ్రు. నువ్వు ఊకున్నవా బాయీ?"

కోపంగా అడగలేదు. నిజంగా అర్థం కాక అడిగింది. నేను తల వంచుకున్నాను. ఆ రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని అక్క మీద అరిచాను. ఉప్పు సరిగానే ఉంది. రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. ఆమె కూడా అడగలేదు, వేళకు అన్నం ముందు పెట్టి పక్కకు వెళ్ళి కూర్చునేది. మూడో రోజు నా జడ చిక్కు తీయడానికి నా వెనక కూర్చుంది, నేను కదలకుండా ఉన్నాను, అలా మళ్ళీ మాటలు మొదలయ్యాయి. నేను ఇంటికి వచ్చిన కొన్నాళ్ళకు ఆ బిచ్కుంద ఆమె నంబరుకు ఫోను చేస్తే ఆమె కోడలు ఎత్తి, అత్త ఇక లేదని చెప్పింది. ఆమె ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఇప్పుడు మా పందిరి కింద బీడీలు లేవు. తంబాకు దుమ్ము వద్దని నాకు చెప్పారు. కార్ఖానాలో కూడా ఆకు వారంలో రెండు మూడు రోజులకు మించి ఇవ్వడం లేదు. పాత ఆడవాళ్ళు ఒకరొకరుగా మానేశారు. అక్క తన చాటలో ఇప్పుడు మిరపకాయలు ఎండబెడుతోంది. ఒక్కోసారి మధ్యాహ్నం పూట ఊరికే వెళ్ళి అక్కడ కూర్చుంటాను. నేలలో ఇంకా ఆ ఘాటు ఉన్నట్టే అనిపిస్తుంది.

మొన్న కామారెడ్డిలో చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ అంతా బాగుందని చెప్పింది. తిరిగి వస్తుంటే బస్సులో లింగంపేట దగ్గర అక్క పల్లీల పొట్లం విప్పి నా చేతిలో పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"నన్ను తిట్టుకున్నవా భాగ్యా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ అబద్ధంతోనే కదా ఇదంతా వచ్చింది.

"చానా తిట్టుకున్న అక్కా. నన్ను నేను గూడ తిట్టుకున్న."

ఆమె తల ఊపింది. ఎల్లారెడ్డిలో దిగేటప్పుడు "రేపు స్వరూప పరీక్షలు పెట్టిచ్చిందంట. మన పక్కింటి మౌనిక రానంటుందంట. నువ్వేం మాట్లాడకు. నేను చెప్త" అంది.

మౌనిక మా పక్కింటి కోడలు. ముప్పై దాటింది, చంకలో పిల్ల. మర్నాడు పొద్దున మేమిద్దరం వెళ్ళేసరికి గుమ్మంలో కూర్చొని పిల్లకు తినిపిస్తోంది. మమ్మల్ని చూడగానే "నాకేం బాధ లేదు పెద్దమ్మా, ఎందుకు ఊకె?" అంది. ఆ రోజు బడి దగ్గర నేను అన్న మాటే. చెబుదామని నోరు తెరిచాను. అక్క చెయ్యి అడ్డం పెట్టి, మౌనిక పక్కన గడప మీద కూర్చుంది.

"నేనొక మాట చెప్త, ఇను. అటెనక నీ ఇష్టం. దీనికి బాగలేదని నా ఇంటికే కాయితం అచ్చింది. అది దీనిదేనని నాకు ఆ గడియల్నే ఎర్కైంది. కార్డు పోతదని నోరు మూసుకున్న. దీని పానం కంటే నాకు కార్డు ఎక్కువైంది. ఐదు నెలలు దీని ముంగట కూసోని బీడీలు చుట్టిన, దీని మొకం చూసుకుంట. ఇది సచ్చిపోతే నేనే సంపినట్టు. ఇన్ని దినాలు ఎవరికీ చెప్పలే, దీనికి గూడ చెప్పలే."

నిజమే, నాతో కూడా ఆమె ఆ మాట అంతకు ముందు ఎప్పుడూ అనలేదు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. నాకూ తెలుసక్కా, నేనూ నోరు మూసుకున్నానని చెప్పాలని ఉంది, కానీ నువ్వేం మాట్లాడకు అన్న ఆమె మాటకే కట్టుబడ్డాను. గంగామణక్క చేతులు ఒళ్ళో పెట్టుకొని అలాగే కూర్చుంది. ఆమె ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

మౌనిక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత పిల్ల మూతి తుడిచి, పిల్లను అక్క ఒళ్ళో కూర్చోబెట్టి, "జర పట్టుకో పెద్దమ్మా, చీర మార్చుకొని వస్త" అని లోపలికి వెళ్ళింది.